మా అత్త తిట్టడం మానేసిన ఏడాది

మా అత్త నన్ను తిట్టడం మానేసిందని నేను ఏడిస్తే నవ్వని మనిషి జగ్గయ్యపేటలో లేరు. నవ్వరూ మరి? లోకంలో కోడళ్లంతా అత్త తిడుతోందని ఏడుస్తారు. తిట్టడం లేదని ఏడ్చే కోడల్ని చూడడం వాళ్లకి అదే మొదలు. ఇప్పుడు చెప్పినా నవ్వేవాళ్లుంటారు. నవ్వుకోండి, నేను చెప్పేది మాత్రం చెప్పి తీరతాను.

మా పుట్టిల్లు నందిగామ దగ్గర చందర్లపాడు. పందొమ్మిదివందల యాభైల నడుమ టీచర్ ట్రైనింగ్ ముగించుకుని, పెళ్లై, జగ్గయ్యపేటకి కాపురానికి వచ్చాను. ఊరి చివర మా క్రైస్తవుల పేటలో ఇల్లు. మా ఆయన నందిగామలో తాలూకా ఆఫీసు గుమాస్తా. పొద్దున్నే హైదరాబాదు రోడ్డు మీద బస్సెక్కితే మళ్లీ దీపాల వేళకి వచ్చేవారు. నాకు పేట బడిలోనే ఉద్యోగం. మామగారు నేను రాకముందే పోయారు. ఇక ఇంట్లో మిగిలింది అత్తా, నేనూ, మా ఇద్దరి నోళ్లూ.

అత్త కూలి ముఠాకి పెద్ద. మిరపకాయ కోతలకి, వేరుశనగ పీకడానికి, జొన్న కోతలకి పేటలో సగం మంది ఆడవాళ్లు ఆమె వెంటే నడిచేవాళ్లు. తెల్లవారుతుండగా సందు మొదట్లో నిలబడి ఒక్కొక్కరినీ వాళ్లకి తగ్గ తిట్టుతో లేపేది. "ఒసే, ఇంకా లేవలేదా? పొద్దు నెత్తికెక్కిందాకా పడుకుంటావా, నీకోసం సూర్యుణ్ణి ఆగమని చెప్పొచ్చేదా?" అనేది. తిట్టు తిన్నవాళ్లు నవ్వుకుంటూ తట్ట నెత్తిన పెట్టుకుని బయల్దేరేవాళ్లు. ఆసామి ఎవరైనా పొద్దుగూకిన తర్వాత కూడా పని చెయ్యమంటే అత్త నోరు తెరిచేది, ఆసామి గొడుగు ముడుచుకుని వెళ్లిపోయేవాడు. ఆ నోరు ఒక్క ఇంటికి కాదు, పేటంతటికీ అండ.

ఇక నా సంగతి. చీపురు పట్టడం రాదని తిట్టేది, చీర కట్టు బాగాలేదని తిట్టేది, తిండి తక్కువ తింటున్నానని తిట్టేది. "ఏమే టీచరమ్మా, పిల్లలకి అ ఆలు చెప్పొచ్చావు గానీ నీకు రోట్లో పచ్చడి నూరడం ఎవరు చెప్తారే? మీ అమ్మ పాఠం ఎగ్గొట్టిందా?" అనేది. మొదటి ఏడాది మూలన కూచుని ఏడ్చాను. రెండో ఏడాదికి నాకూ నోరొచ్చింది. "నీ కొడుకుని నూరమను అత్తా, ఊరికే కూచుని తింటున్నాడు" అన్నాను ఒకరోజు. అత్త రోకలి పక్కన పెట్టి, నన్ను ఎగాదిగా చూసి, పగలబడి నవ్వింది. ఆ రోజు నుంచి మేమిద్దరం పొయ్యి దగ్గర చేరితే పక్కిళ్లవాళ్లు పని మానుకుని వినేవాళ్లు. నాకు జ్వరం వస్తే నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూడా తిట్టేది. ఆ ఇంట్లో నన్ను ఎవరైనా ముద్దు చేశారంటే అత్త ఒక్కతే, అదీ తిట్లతోనే.

ఒక మిరప కోతల కాలంలో చేలో వంగి కాయ కోస్తున్న అత్త కళ్లు తిరిగి పడిపోయింది. ముక్కు వెంట రక్తం. ముఠాలో ఆడవాళ్లు తడిగుడ్డ పెట్టి, బండి మీద పడుకోబెట్టి ఊళ్లో డాక్టరుగారి దగ్గరికి తీసుకొచ్చారు. కబురు అంది నేను బడి నుంచి పరిగెత్తుకెళ్లేసరికి డాక్టరుగారు ఆమె చేతికి గుడ్డపట్టీ చుట్టి, రబ్బరు బుడ్డి నొక్కుతూ, పాదరసం గొట్టంలోకి చూస్తున్నారు.

"చెయ్యి పిసికితే తలకాయలో జబ్బు తెలుస్తదా అయ్యా?" అంటోంది అత్త.

డాక్టరుగారు నవ్వలేదు. ఇంకోసారి చూశారు. "రక్తపోటు. చాలా ఎక్కువుంది. ఈమెకి కోపం ఎక్కువా?" అని అడిగారు.

"అడక్కండి డాక్టరుగారూ!" అని తీసుకొచ్చిన ఆడవాళ్లంతా ఒక్కసారిగా నవ్వారు.

"ఆ కోపమే ఇలా తెచ్చింది. కోపం తగ్గాలి, ఉప్పు తగ్గాలి. ఈ మాత్ర మానకుండా వెయ్యాలి. లేదంటే ఏదో ఒకరోజు నెత్తిలో నరం తెగుతుంది" అని నాతో చెప్పారు. అది మన అడవుల్లో దొరికే సర్పగంధి వేరు నుంచి తీసిన మందట, తెల్లవాళ్లు కూడా ఇప్పుడు మన దగ్గర్నుంచే తీసుకెళ్తున్నారట. అది చెబుతున్నప్పుడు ఆయన ముఖంలో గర్వం కనిపించింది. తెల్లటి చిన్న మాత్ర, కందిగింజంత.

అలా పేటంతా ఒక లెక్కకొచ్చింది. కోపం వల్ల రోగం వచ్చింది కాబట్టి, కోపం పోతే రోగం పోయినట్టే. నేనూ అదే అనుకున్నాను. డాక్టరుగారు చెప్పింది కూడా అదేగా?

మాత్ర మొదలుపెట్టాక మొదట ముక్కు దిబ్బడ వేసింది. తర్వాత నిద్ర ఎక్కువైంది. పొద్దున సందు మొదట్లో కేక లేదు, ఆడవాళ్లే వచ్చి ఆమెని లేపి తీసుకెళ్లేవాళ్లు. డాక్టరుగారు చూసి పోటు దిగుతోందన్నారు. ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఆ తర్వాత తిట్లు తగ్గాయి. రోజుకి పది తిట్లు తినే నేను, ఇవాళ మూడే పడ్డాయనుకున్నాను. తర్వాత ఒకటి. ఒకరోజు పొద్దు గుంకిందాకా ఒక్కటీ పడలేదు. ఆ రోజు నాకూ హాయిగానే అనిపించింది, కాదనను.

ఆ హాయి నాలుగు రోజులు కూడా నిలవలేదు. ఎందుకో మనసులో పీకుతూనే ఉంది. చూద్దామని ఒకరోజు కావాలని పప్పు మాడబెట్టాను. పూర్వమైతే ఆ వాసన వీధిలోకి పోకముందే అత్త తిట్టు వీధిలోకి పోయేది. ఆ రోజు కంచం ముందు కూచుని నాలుగు ముద్దలు మింగి, చెయ్యి కడుక్కుని లేచింది. "అత్తా, పప్పు మాడింది" అన్నాను. "మాడితే మాడిందిలే అమ్మాయ్" అంది. నన్ను అమ్మాయ్ అనడం అదే మొదలు. తర్వాత మంచినీళ్ల కుండ చేజారి పగిలింది. నిజంగానే జారింది. వాళ్ల అమ్మ ఇచ్చిన కుండ అది, దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. పెంకుల వైపు చూసి, "పోనియ్యి" అని గోడవైపు తిరిగి పడుకుంది.

మా ఆయనతో చెప్పాను. "మీ అమ్మకి బాగాలేదండీ."

"ఏమైంది? పోటు పెరిగిందా?"

"తిట్టడం లేదు."

ఆయన చొక్కా విప్పుతూ ఆగి నవ్వారు. "నా చిన్నప్పటి నుంచి ఈ ఇంట్లో ఇంత నెమ్మది నేనెరగను. నీకు తిట్లు కావాలంటే చెప్పు, నేను తిడతా."

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. కానీ ఏమని దెబ్బలాడను? మీ అమ్మ మంచిదైపోయింది, అందుకని నాకు భయంగా ఉంది అంటే వినేదెవరు? పక్కింటి పిన్నిది కోదాడ వైపు. ఆమె నన్ను గుమ్మంలో కూచోబెట్టి బుద్ధి చెప్పింది. "అత్త లేని కోడలు ఉత్తమురాలు అంటరు. నీకు అత్త ఉండి కూడా లేనట్టే అయింది. మంచిగయింది గదా, గట్లెందుకు మొహం పెట్టుకుంటవ్?" అంది. పాపం, నా మంచికే అంది.

నేనే అత్తని తీసుకుని డాక్టరుగారి దగ్గరికి వెళ్లాను. వరండా నిండా జనం. అత్త చేతికి పట్టీ చుట్టి, గొట్టం చూసేసరికి ఆయన ముఖం వికసించింది. "భేష్! ఇంత బాగా పనిచేస్తుందనుకోలేదు" అన్నారు.

"డాక్టరుగారూ, మనిషి మారిపోయిందండీ. సరిగా తినదు, మాట్లాడదు. నన్ను ఒక్క మాట అనడం లేదండీ" అన్నాను.

"అత్త ఏమీ అనడం లేదని ఫిర్యాదా? నా సర్వీసులో ఇది మొదటిదమ్మా!" అన్నారు. వరండా అంతా గొల్లుమంది. అంత నవ్వులో అత్త తల వంచుకుని, చేతికి పట్టీ నొక్కిన చోట వేలితో రుద్దుకుంటూ కూచుంది. వరండాలో అన్ని నవ్వులు వినిపిస్తే పూర్వపు అత్త ఊరుకునేదా? ఒక్కొక్కరి తాత ముత్తాతలని లేపి కడిగేసి ఉండేది.

ఇంతలో సంగతి గుడి దాకా వెళ్లింది. మా పాస్టరు అయ్యగారు మంచి మనిషి, ఆ మాట ముందే చెప్పాలి. అత్త నాలుక కోసం ఆయన ఏళ్ల తరబడి ప్రార్థన చేశారు. నాలుక మీద ప్రసంగం చేసిన ప్రతిసారీ సంఘమంతా మా అత్త వైపే చూసేది, అత్త వాళ్లకేసి తిరిగి చూసేది. అలాంటిది ఇప్పుడు ఆమె ఆదివారం చాప మీద కదలకుండా కూచుంటోంది, పెదవి విప్పడం లేదు, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అయ్యగారు చూశారు. ఆయనకి అందులో ఒక్కటే కనపడింది. మారుమనస్సు అన్నారు. తన ప్రార్థన దేవుడు విన్నాడని ఆయన కళ్లు కూడా చెమర్చాయి.

మా పేటలో ఒక అలవాటుంది. ఎవరింట్లో దేవుడు మేలు చేస్తే వాళ్లింట్లో కృతజ్ఞత కూడిక పెట్టాలి. మేలు పొందిన మనిషి లేచి నిలబడి నోటితో సాక్ష్యం చెప్పాలి. జబ్బు నయమైనా, తాగుడు మానినా, కొడుక్కి ఉద్యోగం వచ్చినా అంతే. మా ఇంట్లో కూడిక అని అయ్యగారు ప్రకటించేశారు. నేను వద్దన్నాను. "అమ్మ మారితే దేవుడికి స్తోత్రం చెప్పడానికి నీకొచ్చిన బాధేంటి?" అన్నారు మా ఆయన. "కోడలికే మారుమనస్సు రావాల్సి ఉంది" అని ఎవరో అన్నారట, అది కూడా నా చెవినేశారు.

ఇంటి ముందు తాటాకు పందిరి వేశారు. శనగలు ఉడకబెట్టి, టీ కాచాం. పేటంతా వచ్చింది. డోలక్ కొట్టారు, తాళాలు వేశారు, పాటలు పాడారు. అయ్యగారు లేచి, సింహం లాంటి మనిషిని దేవుడు గొర్రెపిల్లని చేశాడని చెప్పి, అత్తని సాక్ష్యం చెప్పమన్నారు. పిన్ని జబ్బ పట్టి లేవదీసింది. తెల్లచీర కొంగు తల మీద కప్పుకుని అత్త నిలబడింది. అందరూ ఓపిగ్గా ఎదురుచూశారు.

"నాకు పొద్దున లేవాలని లేదు" అంది.

పిన్ని ఆమె కొంగు సర్ది వెన్ను తట్టింది.

"తినాలని లేదు. ఎవర్నీ చూడాలని లేదు. ఇక్కడ ఏదీ నాది అనిపియ్యట్లా. ఎప్పుడు పోతానా, ఎప్పుడు పోతానా అని ఉంది."

"స్తోత్రం!" అన్నారు అయ్యగారు.

"ఆమేన్!" అంది పందిరంతా.

నేను టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో ఉన్నాను. లోకాశ విడిచి పరలోకం కోరుకుంటోందని వాళ్ల అర్థం. ముసలి భక్తులు చివరి రోజుల్లో అలాగే అంటారు, మేమూ విన్నాం. కానీ నేను అత్త ముఖం చూస్తున్నాను. ఆమేన్ అనగానే ఆమె అటూ ఇటూ చూసింది. తన మాట ఒక్కరికైనా అర్థమైందా అని వెతికింది. ఆ చూపు ఒక్కొక్కరినీ దాటుకుంటూ వచ్చి నా మీద ఆగింది.

"ఆపండి! ఆమె చచ్చిపోతానంటుంటే ఆమేన్ అంటారేంటి?" అని అరిచాను. పళ్లెం కింద పెట్టానో పడేశానో గుర్తు లేదు. ఇద్దరు ముగ్గురు నన్ను పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. "శాంతించమ్మా, ఇది సాతాను పెట్టే కలత" అంటూ అయ్యగారి భార్య నా తల నిమిరింది. బయట డోలక్ మళ్లీ మొదలైంది. పరలోకపు ఇంటి మీద పాట ఎత్తుకున్నారు. అంతమంది మంచివాళ్ల మధ్య నేనొక్కదాన్నే పిచ్చిదాన్నయ్యాను.

ఆ కూడిక తర్వాత ఆమె పరిస్థితి ఇంకా దిగజారింది. ముఠాని ఇంకొకామె తీసుకుంది. అత్త గోడవారన కూచుని చేతులు చూసుకుంటూ ఉండేది. ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి చూస్తే ఇంట్లో లేదు. వెతుక్కుంటూ పోతే పాలేరు వాగు దారిలో ఒక ఆసామి మిరపచేలోని దిగుడుబావి మెట్ల మీద కనిపించింది. కింద మెట్టు దాకా దిగి, పాదాలు నీళ్లలో పెట్టి కూచుంది.

అరిస్తే ఏమవుతుందోనని నోరు కట్టుకుని, మెట్టు మెట్టు దిగి పక్కన కూచున్నాను. ఆమె కొంగు పట్టి నా చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాను.

"దాహమై వచ్చా" అంది. దగ్గర చెంబు లేదు, ముంత లేదు.

"ఇంటికి పోదాం పద అత్తా."

"అమ్మాయ్, దేవుడు నన్ను మార్చాడంట గదా. మారిస్తే ఇంత బరువేందే? అందరూ ఆయన పేరు చెప్పి సంతోషపడతన్నారు. నాకెందుకు లేదే సంతోషం? నన్ను ఆయన కూడా వదిలేశాడేమో."

నేను కొంగుని చేతికి ఇంకో చుట్టు చుట్టుకున్నాను. ఆమె లేస్తే నేనూ లేచాను.

మర్నాడు బడికి సెలవు పెట్టి, పుట్టింటికని చెప్పి ఆమెని బస్సెక్కించాను. చందర్లపాడు వెళ్లలేదు, నందిగామలోనే దిగాను. ఆసుపత్రికి కొత్తగా ఒక లేడీ డాక్టరు వచ్చిందని మా అమ్మ చెప్పి ఉంది. చిన్న వయసు, పెద్ద కళ్లజోడు. నేను చెప్పింది మొదటి నుంచి చివరి దాకా విని, "మీ అత్తగారు పూర్వం బాగా తిట్టేవారా?" అని అడిగింది.

"కడుపారా తిట్టేదండీ."

ఆమె నవ్వలేదు. అన్ని నెలల్లో నవ్వని మొదటి మనిషి ఆమె. ఏ మాత్ర అని అడిగింది. చూపించాను. ఎప్పుడు మొదలైంది, ముందు మాత్రా, ముందు దిగులా అని అడిగింది. చెప్పాను. మాత్రని అరచేతిలో వేసుకుని కాసేపు చూసింది.

"ఇది పోటుని దించుతుందమ్మా. కొందరికి మనసుని కూడా దించేస్తుంది. అందరికీ కాదు. ఈమధ్యనే పెద్ద డాక్టర్లు కనిపెట్టి చెబుతున్నారు. ఇది ఆవిడ భక్తీ కాదు, పాపమూ కాదు."

నాకు ఏడుపొచ్చింది. నేను పిచ్చిదాన్ని కానని చెప్పిన మనిషి దొరికింది. "అయితే మానేస్తే బాగవుతుందాండీ?"

"దిగులు తగ్గుతుంది, కొన్ని వారాలు పడుతుంది. కానీ పోటు మళ్లీ ఎక్కుతుంది. ఇంత పోటుకి దీన్ని మించిన మందు నా దగ్గర లేదు. కొత్తవి వస్తున్నాయంటున్నారు, ఇక్కడ దొరకవు." ఆ పిల్ల మాత్రని మళ్లీ నా చేతిలో పెట్టింది. "రెండూ నేను దాచకుండా చెప్పాను. నిర్ణయం మీరే చేసుకోవాలి."

అత్తని అడిగింది. "ఏదైతే ఏందిలే తల్లీ" అంది అత్త. ఇంకెవరైనా తన గురించి నిర్ణయం చేస్తే ఇల్లు పీకి పందిరేసే మనిషి!

ఆ సాయంత్రం అత్తని తాలూకా ఆఫీసు అరుగు మీద కూచోబెట్టి, బయట వేపచెట్టు కింద నిలబడి మా ఆయనతో చెప్పాను. ముందు నమ్మలేదు, తర్వాత నమ్మి, బెంచీ మీద కూలబడ్డారు.

"మానేస్తే నరం తెగుతుందన్నాడు కదా డాక్టరు" అన్నారు.

"మానకపోతే బావిలో పడుతుంది. నేను చూసొచ్చా."

"కాపలా ఉందాం. మనిషి బతికి ఉండాలి. నాకు మా అమ్మ కావాలి."

"నాకూ మీ అమ్మే కావాలి. అదే మొత్తుకుంటున్నా. ఇంట్లో ఉన్నది మీ అమ్మ కాదు."

ఆఫీసు బంట్రోతు తలుపులు వేస్తూ మమ్మల్ని వింతగా చూశాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అని పిల్లలకి బడిలో నేనే వాక్యం రాయించేదాన్ని. దాని అర్థం ఆ రోజు తెలిసింది. చివరికి మా ఆయనే, "మానేద్దాం" అన్నారు. అని, ముఖం తిప్పుకున్నారు.

మాత్ర ఆపాం. వారాలు గడిచాయి, ఏమీ మారలేదు. లేడీ డాక్టరు మాట తప్పేమోనని నాకు నిద్ర పట్టేది కాదు. బడికి ఆమెని కూడా తీసుకెళ్లి పిల్లల వెనక కూచోబెట్టేదాన్ని. ఒక పొద్దున పొయ్యి ముట్టిస్తున్నాను. వెనక నుంచి వచ్చింది.

"పొయ్యిలో బూడిద తియ్యకుండా పుల్లలు కుక్కుతున్నావేందే, ముదనష్టపుదానా! ఇల్లంతా పొగ. నీ కళ్లు పోయినాయా?"

నేను అక్కడే నేల మీద కూలబడి భోరుమన్నాను. "ఇప్పుడేమన్నానని ఆ ఏడుపు? లే, నీ మొహం మండ!" అంది. ఆ తిట్టుకి నేను ఇంకా ఏడ్చాను. పక్కింటి పిన్ని గోడ మీంచి తొంగి చూసి, "అయ్యో, మళ్లీ మొదలయ్యెనా!" అని బుగ్గలు నొక్కుకుంది.

తిట్టే నోరు, తిరిగే కాలు ఊరుకోవంటారు. కొద్ది రోజుల్లోనే అత్త సందు మొదట్లోకి వచ్చింది. ముఠాని మళ్లీ తీసుకుంది. నాకు పప్పు మీద, చీర మీద, మా అమ్మ మీద తిట్లు పడ్డాయి. నేనూ బాకీ ఉంచుకోలేదు. ఒకరోజు రోటి దగ్గర, "ఒసే, ఆ బావి కాడ కొంగు అట్టా పట్టుకున్నావేంటే, చీర చినిగింది" అంది. అంతకు మించి ఆ సంగతి మేము మాట్లాడుకోలేదు.

సంఘం మాత్రం బాధపడింది. విశ్వాసంలోంచి పడిపోయిందన్నారు, వెనక్కి వెళ్లిందన్నారు. నేను అయ్యగారి దగ్గరికి వెళ్లి మాత్ర సంగతి చెప్పాను. ఆయన కోపగించుకోలేదు, కానీ ముఖం వాడిపోయింది. "దేవుడు చేసిన పనిని మాత్రకి కట్టబెడతావా అమ్మా?" అన్నారు. ఏళ్ల తరబడి మోకాళ్ల మీద పడి ప్రార్థించిన మనిషి ఆయన. ఆయన్ని చూసి నాకు జాలేసింది. లేచి వచ్చేశాను.

ఉప్పు తగ్గించాం, వెల్లుల్లి తినిపించాం, ఎవరు ఏ ఆకు చెబితే ఆ ఆకు రసం తాగించాం. నెలకోసారి నందిగామ తీసుకెళ్తే, లేడీ డాక్టరు గొట్టం చూసి, పోటు దిగలేదని తల అడ్డంగా ఊపేది. కొత్త మందు కోసం మద్రాసుకి రాశానని, రాగానే కబురు చేస్తానని చెప్పేది. ఆ మందు రాకముందే ఆమెకి బదిలీ అయింది.

ఆ ఏటి మిరప కోతలు ఎలాగో దాటాయి. తర్వాతి ఏటి కోతలు అలా దాటలేదు. కళ్లంలో అత్త కాయ ఆరబోయిస్తూ, ఒకామెని తిడుతూ తిడుతూ, మాట సగంలో ఆగిపోయి పక్కకి ఒరిగిందట. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. నోరు ఎడమవైపు లాగేసింది. బెజవాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్లాం. ప్రాణం నిలిచింది, మాట పోయింది. ఇంటికి పంపుతూ, ఇంకోసారి వస్తే మనిషి దక్కదని చెప్పి మాత్రలు రాసిచ్చారు. మా ఆయన పొట్లం విప్పారు. తెల్లగా, కందిగింజంత.

ఆ మాత్రతో పడ్డ బాధంతా అక్కడి డాక్టరుకి చెప్పాను. విన్నాడు. "ఇది తప్ప ఇప్పుడు ఇవ్వగలిగింది లేదమ్మా" అన్నాడు.

ఈసారి మా ఆయనా నేనూ దెబ్బలాడుకోలేదు. మంచం పక్కన నిలబడి ఒకరినొకరు చూసుకున్నాం. "అత్తా, వెయ్యమంటావా, వద్దా? కళ్లతోనైనా చెప్పు" అని అడిగాను. నా వైపు చూస్తూనే ఉంది. ఆ చూపులో అవునూ లేదు, కాదూ లేదు. ఉందేమో, నాకు చదవడం రాలేదు.

వేశాం. బతికి ఉండాలని వేశాం. మూడేళ్లు బతికింది. మాత్ర నాలుక మీద పెడితే ఆ మూలకి పోయిన నోటితోనే మెల్లగా బయటికి నెట్టేది. వద్దని నెట్టేదో, మింగలేక నెట్టేదో నాకు తెలియదు. కుడి కంటి వెంట ఎప్పుడూ నీళ్లు కారుతుండేవి. అది పక్షవాతమో, మాత్ర తెచ్చిన దిగులో, నా మీద కోపమో అడిగితే చెప్పే నోరు లేదు. కొంగుతో ఆ కన్ను తుడిచి, మాత్రని నలిపి జొన్న జావలో కలిపి, రోజూ పొద్దున నేనే పోసేదాన్ని.